అక్క పాదం ఎత్తు

మా కుట్టుషాపు వెనక తలుపు తీస్తే పెరడు లేదు, లోయే ఉంది. రెండు వైపులా ఎర్రమట్టి గోడలు, వాటి మధ్య వంకర్లు తిరుగుతూ దిగిపోయే సందు, చిట్టచివర చేతిరుమాలంత సముద్రం. గాలి ఆ సందులోంచి నేరుగా మా మీదికే వస్తుంది. కత్తెరలు ఊరికే తుప్పు పడతాయి, మిషన్లు రోజూ నూనె అడుగుతాయి. వీధిలోని ఇళ్ళన్నీ ఇలాగే లోయకు వీపు పెట్టుకుని కూర్చున్నాయి. వీపు వెనక ఏముందో ఎవరికి పట్టింది? ఏళ్ళ తరబడి ఇంట్లో పనికిరానిదల్లా మేమంతా అందులోకే విసిరాం. వానలకు పాత కాలిబాట కొట్టుకుపోయాక అందరూ దిగడం మానేశారు. రోడ్డు చుట్టి పోతే ఓడరేవు గోడ దగ్గర తేలతాం. అక్కడ సముద్రం డీజిల్ వాసన వేస్తుంది. దాన్ని మా అక్క సముద్రమని ఒప్పుకోదు.

అక్క గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా ఆమె కాలి గురించే. బోర్డు మీద పేరు నాదే గానీ షాపు అక్కది. బట్ట కత్తిరించేది ఆమె, కుట్టేది నేను. మిషన్ తొక్కడం నాకు నేర్పింది కూడా ఆమే. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే చేతిలో కత్తెర ఒకసారి ఆడించేది. వచ్చినవాళ్ళు గుటక మింగి, చొక్కా కొలతలిచ్చి వెళ్ళిపోయేవాళ్ళు. సాయంత్రం షాపు కట్టేశాక రోజూ లోయలోంచి దిగి, నీళ్ళలో మోకాళ్ళ దాకా నిలబడి, చీకటి పడేలోపు పైకొచ్చేది. బాట పోయిన ఏడాదే ఆమెకు జబ్బు చేసింది. మంచం దిగాక ఎడమ కాలు సగం మాటే వింటోంది. లేవమంటే కాసేపు ఆలోచించుకుని కొంచెం లేస్తుంది. అప్పట్నుంచి పాదాలు కనబడనంత పొడుగు బట్టలు తనకు తానే కత్తిరించుకుంది. గిరాకీ వచ్చేసరికి బల్ల వెనక కూర్చునే ఉంటుంది. ఆమె నడక మారిందని వీధిలో చాలామందికి తెలియనే తెలియదు.

"నా కాలి మాట బజార్లో పడిందో, ఇక నీకు బట్ట కత్తిరించను. ఏం కుట్టుకుంటావో కుట్టుకో," అని నాకు గట్టిగా చెప్పింది. సముద్రం దాకా ఎత్తుకుని తీసుకెళ్తానంటే కత్తెర వైపు చూసింది.

"నా కాళ్ళ మీద నేను దిగుతా. లేదంటే ఇక్కణ్ణుంచే వింటా."

నిజంగానే వినేది. రోజూ సాయంత్రం వెనక తలుపు బార్లా తీసి, కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆమెను ఒక్కసారి ఆ నీళ్ళ దగ్గరికి ఆమె కాళ్ళ మీదే చేర్చాలి. నాకు అంతకు మించి కోరికేమీ లేదు. పార్కు మీద అయితే అసలే లేదు.

పార్కు సంగతి మునిసిపాలిటీ వాళ్ళు తెచ్చారు. లోయను బాగుచేసి, కిందికి మెట్లదారి వేసి, పైన మా తలుపు దగ్గరే దానికి గేటు పెడతారట. దుంగలు, పారలు, మొక్కలు వాళ్ళిస్తారు. కష్టం మాది. వానలు మొదలయ్యేలోపు ఇంజనీరు వచ్చి చూసి బాగుందంటే, గేటు తాళం వీధివాళ్ళ చేతిలోనే ఉంటుంది, చూసుకునే బాధ్యతా వీధివాళ్ళదే. బాగాలేదంటే కాంట్రాక్టరు వస్తాడు. సిమెంటు పోస్తాడు, టికెట్టు పెడతాడు, పొద్దు వాలకముందే గేటు మూసేస్తాడు. అక్క సముద్రానికి వెళ్ళేదే పొద్దు వాలాక. అందుకని ఆ తాళం చెవి మా వీధిలోనే ఉండటం నాకు ప్రాణమైపోయింది.

కమిటీకి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రోజున నేను మీటింగుకు వెళ్ళలేదు. వెళ్ళనివాడు కాదనలేడు కాబట్టి నన్నే ఎన్నుకున్నారు.

ముందు చెత్త తీశాం. వీధి వీధంతా దిగింది. కిందనుంచి ఒక్కొక్కటే పైకొస్తుంటే ఎవరి సామాను ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఏకంగా ఒక మంచం వచ్చింది. "ఎవరో గానీ, బొత్తిగా బుద్ధిలేని మనుషులు," అంది బేకరీ ఆవిడ, అందరికంటే గట్టిగా. ఆ మంచం తలవైపు పట్టీ మీద ఆవిడ కొడుకు చిన్నప్పుడు గీసిన బొమ్మ ఇంకా ఉంది. మేమంతా అవునవును అన్నాం.

తర్వాత దారి. పైనుంచి కింది దాకా ఇంటికో వంతు చొప్పున పంచాను. అడ్డంగా దుంగ పెట్టి, మేకులు దిగేసి, వెనకాల మట్టి పోసి దిమ్మిసతో కొడితే అది ఒక మెట్టు. "ఎంతెత్తు కట్టమంటావు?" అని ఎవరో అడిగారు. కొలతలు తీసుకుని బతికే మనిషిని నేను. ఆ ఒక్క రోజు మాత్రం చేతిలో టేపు పెట్టుకుని, "మీకు సరిపడేట్టు కట్టుకోండి," అన్నాను. ముప్పై ఏళ్ళుగా షాపులో చెప్పే మాట నోటికొచ్చేసింది. ఎవరి చొక్కా వాళ్ళకు సరిపోవాలి గదా.

సరిపోయేట్టే కట్టారు మహానుభావులు. ఇళ్ళకు రంగులు వేసే అతణ్ణి మేం నిచ్చెన అంటాం. గోడకు నిచ్చెన అక్కర్లేదేమో అన్నంత పొడుగు. అతని వంతులో మెట్లు మోకాలెత్తున లేచాయి. వాటి కిందే బేకరీ దంపతుల వంతు. ఇద్దరూ పొట్టి, ఇద్దరూ గుండ్రం, మెట్లు వాళ్ళకు తగ్గట్టే జానెడెత్తు కూడా లేవు. నిచ్చెన వంతులో ఎగిరెగిరి దిగినవాడు బేకరీ వంతులోకి వచ్చేసరికి లేని లోతుకు కాలు చాపి తూలేవాడు. ఆ దారిన ఒకసారి దిగితే వీధిలో అందరి కాళ్ళూ తొడుక్కుని విప్పినట్టుండేది. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

నా వంతు అన్నిటికంటే పైన, మా తలుపు దగ్గర. నేను మాత్రం నాకు సరిపడేట్టు కట్టలేదు. అక్క షాపు వెనక గడప దాటుతుంది, అది నేను రోజూ చూస్తున్నదే. గడప ఎత్తు కొలుచుకుని, దుంగల్ని నిలువునా చీల్చి, ఒక్క మెట్టు కూడా గడపను మించకుండా కట్టాను. ఎవరికీ చెప్పలేదు. అక్కకు కూడా చెప్పలేదు. మా ఆవిడ మాత్రం తలుపులో నిలబడి చూసి, "చొక్కా భుజం దిగిపోతోంది, పైకి లాక్కోండి. చిలక్కొయ్యకు తగిలించినట్టున్నారు," అని నవ్వింది. నా చొక్కాలు కత్తిరించేది అక్క. ఆ కత్తిరింపుకు వంక పెట్టే మగాడు ఇంకా పుట్టలేదని చెప్పి లోపలికి పంపాను.

ఇంజనీరు వచ్చింది. చిన్నమ్మాయి, బూట్లు వేసుకుని చకచకా దిగింది. నిచ్చెన వంతుకూ బేకరీ వంతుకూ మధ్య రెండుసార్లు తూలి, కొమ్మ పట్టుకుని నిలదొక్కుకుంది. పైకొచ్చి బూటు మట్టి దులుపుకుంటూ, "ఇలా అయితే కుదరదండీ. మెట్లన్నీ ఒకే ఎత్తుండాలి, లేకపోతే మనుషులు పడతారు," అంది. ఆ మాట నిజమే, కాదనడానికేముంది. "ఎత్తు ఇంతకు మించొద్దని రూలుంది. అంతకు తక్కువ ఎంతైనా మీ ఇష్టం. వానల ముందు మళ్ళీ వస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే నేనేం చెయ్యలేను."

ఆ సాయంత్రమే అందరూ మా షాపులో చేరారు. అక్క మూలన తన బల్ల వెనక కూర్చుని ఏదో లంగా గుడ్డ కత్తిరిస్తోంది. వీళ్ళ గోల తనకు పట్టనట్టే ఉంది.

"ఇందులో ఆలోచించేదేముంది? నా మెట్లే లెక్కగా తీసుకోండి," అన్నాడు నిచ్చెన. "దిగేది సముద్రానికి. ఎంత త్వరగా దిగితే అంత మంచిది."

"నువ్వు దిగుతావు నాయనా, మేం దొర్లుతాం," అంది బేకరీ ఆవిడ. "మా మెట్లు చక్కగా ఉన్నాయి. అందరూ అలాగే కట్టండి."

"మీ మెట్లు దిగుతుంటే నా మోకాళ్ళు మూతికి తగులుతున్నాయి."

"మూతి కాస్త మూసుకుని దిగు."

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ప్రతివాడూ పట్టుబట్టాడు. నేను నచ్చజెప్పబోయాను. అదే పొరపాటు. నిచ్చెన గిరుక్కున నా మీదికి తిరిగాడు.

"అసలు మన అధ్యక్షులవారి వంతు చూశారా? చీమలు దిగడానికి కట్టినట్టున్నాడు. దుంగకు దుంగ వెయ్యకుండా చీల్చి సగం సగం వాడాడు. ఆ మిగతా సగాలేమయ్యాయి టైలరన్నా? పొయ్యిలోకి పోయాయా?"

ఎవరో నవ్వారు. బేకరీ ఆవిడ కూడా, "పనికి బద్ధకమైతే చెప్పాల్సింది అన్నయ్యా, మేం వచ్చి కట్టేవాళ్ళం," అంది. మిగతా సగాలు ఆ పక్కనే పేర్చి ఉన్నాయి, వెళ్ళి చూస్తే కనబడతాయి. ఆ మెట్లు ఎవరి కోసమో ఒక్క ముక్క చెబితే చాలు, అందరి నోళ్ళూ మూతపడతాయి. కానీ ఆ ఒక్క ముక్కే నేను చెప్పకూడనిది. మాట లోపల్నుంచి తన్నుకొస్తుంటే ఆపడానికి నాకు కోపం తప్ప ఇంకేమీ దొరకలేదు. మెళ్ళో టేపు తీసి నేలకేసి కొట్టాను. అధ్యక్షుణ్ణని నాకప్పగించిన గేటు తాళం చెవి గోడ మీంచి పీకి బల్ల మీద పడేశాను.

"తీసుకోండి! రేపట్నుంచి మీరే అధ్యక్షులు, మీరే టైలర్లు. కాంట్రాక్టరు వచ్చి సిమెంటు పోస్తే దాని మీద కూర్చుని కొట్టుకోండి."

మూలన కత్తెర చప్పుడు ఆగింది.

"ఒరేయ్, కోపం తర్వాత పడుదువు గాని. ముందు ఆ టేపు తియ్యి," అంది అక్క.

బల్ల అంచు పట్టుకుని లేచింది. బల్ల చుట్టూ తిరిగి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ, గది మధ్యకు నడిచి వచ్చింది. జబ్బు తర్వాత ఇంతమంది ముందు ఆమె నడవడం అదే మొదటిసారి. నవ్విన నోళ్ళు అలాగే ఉండిపోయాయి. నేను టేపు తీసి పట్టుకెళ్తే చేత్తో పక్కకు నెట్టింది.

"నువ్వొద్దు. నువ్వు టేపుతో కొలవవు, అభిమానంతో కొలుస్తావు. నిచ్చెనా, నువ్వు రా. కింద కూర్చో."

అంత పొడుగు మనిషి కీలు కీలూ మడిచి నేల మీద కూర్చున్నాడు. అక్క ఒక చేత్తో మిషన్ పట్టుకుని, రెండో చేత్తో బట్ట కొంచెం పైకి తీసి పట్టుకుని, కాలు ఎత్తింది. పాదం వణికింది. నేల విడిచింది, కొంచెం లేచింది, అక్కడ ఆగిపోయింది.

"ఇంతే. ఇంతకంటే లేవదు," అంది అందరినీ చూస్తూ. "వాడు ఆ మెట్లు బద్ధకించి కట్టలేదు. నా కోసం కట్టాడు. నా కాలి సంగతి చెప్పొద్దన్నది నేనే."

నిచ్చెన టేపు పెట్టి చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. "నాలుగు వేళ్ళు," అన్నాడు మెల్లగా. "అన్నా, నీ మెట్లు ఇంతకంటే ఎక్కువున్నాయి."

"ఎలా ఉంటాయి? గడప కొలిచి కట్టాను. అక్క రోజూ గడప దాటుతోందిగా!"

"ఆ గడప పక్కన నేను పీట ఎందుకు వేశాననుకున్నారు, అందానికా?" అంది మా ఆవిడ లోపల్నుంచి వస్తూ. "వదిన పీట ఎక్కి గడప ఎక్కుతారు. ఎన్ని నెలలైంది!"

ఆ పీట నేను రోజూ చూస్తున్నదే. కూరలు తరుగుతూ కూర్చోవడానికి వేసుకుందనుకున్నాను. వదినామరదళ్ళిద్దరూ కలిసి నా కళ్ళ ముందే ఆ కాలును దాచారు. నేను కట్టిందంతా అక్క నిరుటి కాలుకు. ఆమె ఇంకా అంత బలంగానే ఉందని అనుకోవడం నాకు బాగుంది, అందుకే అనుకున్నాను. పదిమందిలో ఏడిస్తే బాగుండదని నిచ్చెన చేతిలోంచి టేపు తీసుకుని చుట్టడం మొదలుపెట్టాను.

అక్కే మాట్లాడింది. "బడి పిల్లలకు మూకుమ్మడిగా యూనిఫారాలు కుట్టేటప్పుడు మేం ఎవరికి కత్తిరిస్తాం? అందరికంటే లావుగా ఉన్నవాడికి. సన్నవాడికి కుట్టు లోపలికి వెయ్యొచ్చు, లావువాడికి లేని బట్ట ఎక్కణ్ణుంచి తెస్తాం? ఇదీ అంతే. నిచ్చెన కావాలంటే రెండేసి మెట్లు ఎక్కుతాడు, మూడేసి ఎక్కుతాడు. నేను సగం మెట్టు ఎక్కలేను."

నిచ్చెన ఇంకా నేల మీదే కూర్చుని ఉన్నాడు.

"అక్కగారూ, ఇప్పుడు మీరు కూర్చుని కూర్చుని లేచారు. ఈ కొలత చాలదు," అన్నాడు. "నేను పొద్దున నిచ్చెన ఎక్కేది వేరు, సాయంత్రం పని దిగేటప్పుడు వేరు. రేపు మీరు పనంతా చేసి అలిసిపోయాక వస్తాను. పైకెక్కి రావాల్సింది అలిసిన కాలే కదా."

"పొడుగు కాళ్ళే అనుకున్నా, బుర్ర కూడా ఉంది నీకు," అంది అక్క.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు వచ్చి మళ్ళీ కొలిచాడు. నాలుగు వేళ్ళు మూడయ్యాయి. ఆ ఎత్తుకు చెక్కముక్కలు కోసి, నున్నగా రుద్ది, మిగిలిన నీలం రంగు వేసి ఇంటికొకటి పంచాడు. ఏ మెట్టు కట్టినా పక్కన ముక్క నిలబెట్టి చూడాలి. దాని తల దాటిందా, విప్పి మళ్ళీ కట్టాలి. రెండు రోజుల్లో దానికి అక్క ముక్క అని పేరు పడిపోయింది. "అక్క ముక్క ఎక్కడ పెట్టావే?" "అక్క ముక్క తెచ్చావా, ఉత్త చేతులూపుకుంటూ వచ్చావా?" లోయంతా ఇదే మాట. అక్క వెనక తలుపు దగ్గర కూర్చుని వినేది. మొదట్లో మొహం ముడుచుకునేది, తర్వాత్తర్వాత తనే, "అదిగో, బేకరీ వాళ్ళు ముక్క పెట్టకుండా కొడుతున్నారు," అని పైనుంచి కేక పెట్టేది.

మెట్టు పొట్టిదైతే దారి పొడుగవుతుంది. నిటారుగా దిగిన చోటల్లా పక్కకు తిప్పి మలుపులు వెయ్యాల్సి వచ్చింది. ఒక మలుపు బేకరీ ఆవిడ నాటుకున్న పూలమొక్కల్లోంచి పోయింది. ఆవిడ ముక్కు చీదుకుంటూ మొక్కలు తవ్వి మలుపు చుట్టూ మళ్ళీ నాటింది. ఇంకో మలుపు దగ్గర కూర్చోవడానికి పాత మంచం పట్టీలతో బల్ల చేశారు. ఆ బొమ్మ గీసిన పట్టీ పైకి కనబడేట్టు వేసింది ఎవరో నేను చెప్పను. నా వంతు నేనే విప్పి కట్టాను. సాయానికి నిచ్చెన వచ్చాడు, నేను రమ్మనలేదు, అతను క్షమించమనలేదు. పని చూసుకున్నాం.

మబ్బులు పట్టే రోజుల్లో ఇంజనీరమ్మాయి వచ్చింది. కిందికి దిగింది, పైకి ఎక్కింది. "ఇంత చిన్న మెట్లు నేనెక్కడా చూడలేదండీ," అంది. టేపు తీసి కొన్నిటికి పెట్టి చూసి, "అన్నీ ఒక్కటే," అని నవ్వి, సంతకం పెట్టింది. తాళం చెవి మా షాపు గోడకే ఉండిపోయింది, దాని పక్కన మేకుకు మా అక్క ముక్క. వాన కురిసి వెలిసిన ప్రతిసారీ వంతువాళ్ళు వచ్చి చెవి, ముక్క రెండూ పట్టుకెళ్ళి, జారిన మట్టి సరిచేసి, కొలిచి, మళ్ళీ తెచ్చి తగిలించాలి. అది రూలు.

ఆ సాయంత్రం షాపు కట్టేశాక అక్క పీట ఎక్కి, గడప ఎక్కి, బయటికి దిగింది. నేను వెనకాలే. ఎవరికీ చెప్పలేదు గానీ దారి పొడుగునా అందరికీ ఏదో ఒక పని తగిలింది. బేకరీ ఆవిడ తడిసిన మొక్కలకే మళ్ళీ నీళ్ళు పోస్తోంది. నిచ్చెన గేటు ఊచల మీద ఎప్పుడో ఆరిన రంగు ఆరిందా అని చూస్తున్నాడు. ఎవరూ ఆమె వైపు చూడలేదు, ఎవరూ ఆమె మీంచి కన్ను తియ్యలేదు. అక్క ఒక్కొక్క మెట్టూ దిగింది. మంచంబల్ల మీద కూర్చుంది, లేచింది, దిగింది. ఇసుక వచ్చింది. నీళ్ళు వచ్చాయి. బట్టలు తడుస్తాయన్న ధ్యాసే లేదు, నేరుగా నడిచి వెళ్ళి మోకాళ్ళ దాకా నిలబడింది. చాలాసేపు అటు తిరిగే ఉంది.

దిగడం ఒక ఎత్తు, ఎక్కడం ఒక ఎత్తు. పైకి వస్తుంటే పూలమొక్కల మలుపు దగ్గర అక్క ఆగిపోయింది. ఊపిరి ఎగపోస్తోంది. తడి బట్ట కాళ్ళకు చుట్టుకుని బరువుగా లాగుతోంది. మా తలుపు పైన కనబడుతూనే ఉంది. చెయ్యి చాపాను. దాని వంక చూడను కూడా చూడలేదు. నా కాళ్ళ మీద నేనే అన్న మనిషి. ఇక్కడ ఎత్తుకుంటే మళ్ళీ జన్మలో దిగదు.

ఉన్నట్టుండి నా ఎడమ భుజం మీద చెయ్యి పడింది. బరువంతా దాని మీదే.

"పట్టుకోలేదు, కొలుస్తున్నా," అంది.

"సరే."

వేళ్ళు మెడ దగ్గర్నుంచి భుజం చివరి దాకా మెల్లగా నడిచాయి. చొక్కా కుట్టు దగ్గర ఆగాయి. ఆ కుట్టు భుజం దాటి కిందికి దిగి ఉంది.

"ఇది ఎప్పుడు జారిందిరా ఇంత?"

"ఏమో."

"నీ పెళ్ళప్పటి కొలతతోనే కత్తిరిస్తున్నా ఇన్నేళ్ళూ. సరిపోవట్లేదని ఒక్కసారైనా చెప్పావా?"

ఆ చెయ్యి భుజం మీద అలాగే ఉంది.

"పద. ఇంటికెళ్ళాక నిలబడు, కొత్తగా కొలవాలి," అని పాదం ఎత్తింది. అది కాసేపు ఆలోచించుకుని, లేచి, మెట్టు మీద పడింది.